జీరో టికెట్ పిల్ల సీటు

దుబ్బాక నుంచి సిద్దిపేట వెళ్లే బస్సుల్లో సీట్ల తగాదా గురించి డిపో మేనేజరు గారికి నేను పెట్టుకున్న మూడు దరఖాస్తులకు ఇంతవరకు జవాబు లేదు. నాలుగోసారి స్వయంగా వెళ్తే బయట బెంచీ మీద కూర్చోబెట్టి, సాయంత్రం ఆయన వెనక గేటు నుంచి వెళ్లిపోయారు. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి అని కూడా నేను మరచిపోలేదు. అందుకే ఈసారి పాఠకులకు రాస్తున్నాను.

దుబ్బాక దగ్గరి ఒక ఊరి బడిలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. ఆ మధ్య పదో తరగతికి అమెరికాలో పౌరహక్కుల కోసం నిలబడ్డ ఒక నల్లజాతి మహిళ గురించి చెప్పాను. తెల్లవాళ్ల కోసం బస్సులో సీటు ఖాళీ చేయమంటే ఆమె అరవలేదు, తిట్టలేదు, లేవనూ లేదు. అరెస్టు చేస్తే వెళ్లింది. ఆ తర్వాత ఆ ఊరి నల్లవాళ్లంతా బస్సులెక్కడం మానేసి నెలల తరబడి నడిచారు. పాఠం మధ్యలో మౌనిక అనే పిల్ల లేచి, "ఆమె టికెట్ కొన్నదా సార్?" అని అడిగింది. కొన్నదని చెప్పి ముందుకు పోయాను.

సిద్దిపేటలో అహింసా పోరాటం మీద ఉపన్యాస పోటీ ఉందంటే మౌనికను తీసుకెళ్తానన్నాను. ఆమె తండ్రి కల్లు గీస్తాడు. వచ్చే ఏడు ఇంటర్‌కు పిల్లను సిద్దిపేట పంపాలా వద్దా అన్నది ఈ ప్రయాణం చూసి తేలుస్తానన్నాడు. "రోజు గంత దూరం బస్సుల మంచిగ పోయొస్తదా సార్?" అన్నదే ఆయన భయం.

ఉదయం ఎనిమిదింటికి దుబ్బాక బస్టాండుకు చేరాం. ఆ వేళకు వెళ్లేవారు గుర్తుంచుకోండి, బస్సు ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్లు లోపలికి పడతాయి. ఎవరిది ముందు పడితే సీటు వారిది. ఎక్కడా రాసిలేదు గానీ కాదనేవారు లేరు. మౌనిక కర్చీఫు మూడో వరుసలో పడింది. దాని మీద ఒక పెద్దాయన తువ్వాల పడింది. ముందు పడ్డది తనదే కాబట్టి మౌనిక కూర్చుంది. నా కర్చీఫు కింద పడి తొక్కుడైంది. నేను నిలబడ్డాను.

కండక్టరమ్మ నాకు టికెట్ కొట్టి, ఆధార్ కార్డు చూసి మౌనికకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చింది. టికెట్ కొన్న పెద్దాయన తువ్వాల భుజాన వేసుకుని ఆ సీటు పక్కనే నిలబడ్డాడు. ఆడవాళ్లకు ఉచితం వచ్చినప్పటి నుంచి మగవాళ్లకు రాడ్డే దిక్కైందని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. తర్వాత నవ్వులు పోయి కేకలయ్యాయి. పొద్దున్నే అలిసిపోయినట్టున్న కండక్టరమ్మ మౌనిక దగ్గరికి వచ్చింది.

"లెవ్వు బిడ్డా. పైసలు పెట్టినాయన నిలవడ్డడు."

"నా కర్చీఫే ముందుగాల పడ్డది అక్కా."

"జీరో టికెట్‌కు కర్చీఫేంది?"

నేను నోరు తెరవబోయాను. మౌనిక వద్దన్నట్టు తల ఊపింది. గోల ఎక్కువై డ్రైవరు బస్సును పక్కకు ఆపాడు. ఈ పంచాయితి తెగినంకనే పోదామని ఇంజను బంద్ చేశాడు. పోటీ పదింటికి. అందరూ పిల్లను తిడుతున్నారు. ఆమె పెద్దాయన వైపు తిరిగింది.

"తాతా, కాళ్లు నొస్తున్నయంటే ఇప్పుడే లేస్త. పైసలు పెట్టలేదని లెవ్వమంటె మాత్రం లెవ్వ."

పెద్దాయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "నా కాళ్లకేమైంది? మంచిగనే ఉన్నయ్," అన్నాడు చివరికి. తన సంచీ ఆమె ఒళ్లో పెట్టి, బస్సు నడపమని డ్రైవరుకు చెప్పాడు. అప్పటికి తొమ్మిది దాటింది.

సిద్దిపేట పాత బస్టాండులో దిగి ఆటోలో వెళ్లేసరికి మౌనిక పేరు పిలవడం అయిపోయింది. నిర్వాహకుడు ఫోను మీంచి తలెత్తకుండా రూల్సు ఒప్పుకోవన్నాడు. ఆ మనిషినీ గుర్తుపెట్టుకున్నాను. కూర్చుని వినడానికి మాత్రం ఒప్పుకున్నారు. ముగ్గురు పిల్లలు ఆ బస్సు మహిళ గురించే మాట్లాడారు. మౌనిక ముగ్గురికీ చప్పట్లు కొట్టింది. తర్వాత బస్టాండు దగ్గరి మెస్సులో భోజనం చేశాం. పచ్చిపులుసు బాగుంది, అటు వెళ్లేవారు తినవచ్చు.

మూడు గంటల బస్సు ఖాళీగా ఉంది. ఇద్దరికీ సీట్లు దొరికాయి. కొన్ని ఊళ్లు దాటాక, బాపు అడిగితే ఏం చెప్పాలని మౌనిక అడిగింది. జరిగింది చెప్పమన్నాను.

"చెప్త సార్. గని కాలేజీకి రోజు గిదే బస్సు. రోజు గిట్లనే కొట్లాడాల్నా?"

పాఠంలో లేని ప్రశ్న ఇది. మర్నాడే డిపో మేనేజరు గారికి మొదటి దరఖాస్తు రాశాను.

రోడ్డు బాగుంది. తిట్టినవాళ్లూ చెడ్డవాళ్లు కారు, కండక్టరమ్మా చెడ్డది కాదు. ఏది న్యాయమో పైనుంచి ఎవరూ చెప్పకపోతే, గట్టిగా అరిచిన మాటే రూలవుతోంది. మేనేజరు గారూ, ఆ జీరో టికెట్ మీ మెషీన్‌లోంచి వచ్చిందే. దాని మీద ఆ పిల్లకు సీటు ఉన్నదా, లేదా? ఉంటే ప్రతి బస్సులో రాయించండి. లేదంటే ఆ మాటే సంతకం పెట్టి చెప్పండి. వాళ్ల నాన్న కాలేజీ సంగతి ఈ నెలాఖరుకు తేలుస్తానన్నాడు. ఆలోపే జవాబు ఇవ్వండి, నాకు కాకపోయినా మౌనికకు.