పొడుగ్గా ఉంటే ఆలూ అనుకున్నాను

గోరంతను కొండంత చేయడం నాకు అలవాటు. కొంత తగ్గించుకుని చదవండి. కోపం మాత్రం తగ్గించకండి.

మొన్నొక శనివారం మా అక్కను అమీర్‌పేటలో బేకరీకి తీసుకెళ్లాను. నలభై ఏళ్లుగా ఆమె శనివారం నీసు ముట్టదు. అక్కడి అద్దాల పెట్టెలోని గుండ్రటి బిళ్లలు చేప ప్యాటీలని నాకు తెలుసు. పక్కనున్న పొడుగువి ఆలూ అని నాకు నేనే తేల్చేసి, రెండు కొని, బయట బల్ల దగ్గర కూర్చున్న అక్కకు ఒకటిచ్చాను. నాది కొరికితే తాటిమట్టంత ముల్లు!

కౌంటర్ దగ్గరికి ఉరికాను.

"ఏందన్నా, ఆలూల చేప పెట్టినవ్?"

"ఆలూ అని ఎవరు చెప్పిండ్రు భాయ్? గది చేప క్రోకెట్. ప్యాటీల చేప మస్తుంటది. గిండ్ల ఆలూ ఎక్కువ కలిపి చుట్ట లెక్క చేస్తం. రెండిట్ల చేపనే."

"బోర్డు పెట్టరాదు?"

"నువ్వు అడగరాదు? నోరు లేదా?"

పంజగుట్ట దాకా వినబడేలా అరిచాను. వెనక అక్క ప్లేటు విసిరికొట్టి ఏడ్చింది.

ఆ అరుపు, ఆ ఏడుపు నా కల్పన. అక్కకు వినబడకూడదని గుసగుసగానే కొట్లాడాను. తిరిగొచ్చేసరికి ఆమె ప్లేటు ఖాళీ.

"ఆలూ మంచిగుందిరా తమ్మీ, ఇంకోటి తే."

ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు. ఒక్క మాట అడగకుండా కొన్న నా మీద కోపం ఇంకా చల్లారలేదు.