అన్న పాడుచేసిన టేకులు

అన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఆయన సినిమానే ఎడిట్ చేస్తున్నాను. కాళేశ్వరంలో ఏదో పాటకు జాగా చూడడానికి పోయి, కారులోనే ఛాతీ పట్టుకున్నాడట. భూపాలపల్లి దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. కెమెరామన్ ఏడుస్తూ చెబుతున్నాడు. నా ఎదురుగా తెర మీద ఆయన తీసిన షాట్ ఆగి ఉంది. దాన్ని ఎక్కడ కట్ చేయాలో ఆయన్నే అడుగుదామని పొద్దున అనుకున్నాను.

రక్తసంబంధమేమీ లేదు. జనగామలో మొబైల్ షాపు మీదున్న ఈ ఇరుకు గదిలో ఆయన పాటలన్నీ నేనే ఎడిట్ చేశాను, అంతే. మీరూ చూసే ఉంటారు. పెళ్లిళ్లలో, బతుకమ్మ రోజుల్లో ఫోన్లలో మోగే జానపద పాటల వీడియోలు. వాటి కింద డైరెక్టర్ పేరు ఎవరు చదువుతారు? ఆయనకు ఆ పరేషానే లేదు. ఎవరైనా కామెంట్లో "గా బర్రె మంచిగ నడిచింది" అని రాస్తే మాత్రం ఫోన్ చేసి మరీ చదివి వినిపించేవాడు.

పెద్దవంగర పక్కన మిర్చి చేలో ఒక పాట తీస్తుంటే చూడడానికి వెళ్లాను. పాట మోగుతున్న స్పీకరు భుజాన పెట్టుకుని కెమెరా పక్కన నడుస్తున్నాడు. షాట్ మొదలైందంటే నోరు మూతపడదు. "అక్కా, జర నవ్వు... గంత వద్దు, తగ్గించు... మడిమ నేలకు తగలాలె... గొర్లను ఆపకుండ్రి, ఊరు వాటిది గూడ!" పాటల వీడియోలో కెమెరాకు వినబడ్డ చప్పుడంతా తీసేసి, స్టూడియోలో పాడిన పాట పెడతాం. కాబట్టి ఆయన ఎంత వాగినా నష్టం లేదు. ఎడిటింగులో నా మొదటి పని ఆయన గొంతు తీసేయడమే.

"నన్ను సంపినవా చెల్లె?" అని వెనక కుర్చీలోంచి అడిగేవాడు.

"సంపిన అన్నా."

"అయితే ఇగ పని షురూ చెయ్యి."

పాట ఆగాక షాట్‌ను ఇంకొంచెంసేపు ఉంచమని ఎప్పుడూ గొడవే. "పాట అయిపోయినంక గూడ మనిషి కనబడాలె" అనేవాడు. ఛానల్ వాళ్లు ముందు అదే తీసేయించేవారు.

సినిమా తీస్తానని పట్నంలో ఆఫీసులు తిరిగాడు. 'యూట్యూబ్ పాటలాయన' అని బయటే కూచోబెట్టేవారట. నవ్వు వచ్చే కథ చెబితే కథకు నవ్వలేదు, యాసకు నవ్వారు. ఆ రోజు ఇక్కడికొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే ఈ గది ఎంత బోసిగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

చివరికి మన దిక్కు వ్యాపారి ఒకాయన డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నాడు. అన్న పట్టుపట్టింది ఒక్కదానికే: నటుల మాటలు తర్వాత డబ్బింగులో కాదు, షూటింగులోనే రికార్డు కావాలి. "మన మాటను ఇంకొకల నోట్ల పెట్టొద్దు" అన్నాడు. దాంతో షాట్ నడుస్తున్నంతసేపు ఆయనే నోరు మూసుకోవాల్సి వచ్చింది. పాపం, ఆయన వల్ల అయ్యే పనా? మాట జారేది, టేకు పాడయ్యేది, సౌండ్ చూసే ఆయన తల పట్టుకునేవాడు. పోను పోను కండువా కొస కొరుక్కుంటూ కూచోవడం అలవాటు చేసుకున్నాడు. డోర్నకల్ స్టేషన్లో షూటింగ్ రోజు చూశాను. చుట్టూ అంతమంది, ఆయన మాత్రం ఒక్కడే. అన్నం తినేటప్పుడు, "గిక్కడ అందరున్నరు చెల్లె. ముచ్చట పెట్టెటోడే లేడు" అన్నాడు. నేను ఆయన పళ్లెంలో పెరుగు వేశాను.

కర్మ అయ్యాక వదిన, అంటే అన్న భార్య, మహబూబాబాద్ నుంచి వచ్చింది.

"ఫోటోలు శాన ఉన్నయి చెల్లె. గొంతే లేదు. నీ తాన ఏడన్న దొరుకుతదా?"

మెసేజ్ అంటే ఆయనకు బొటనవేలి బొమ్మ ఒక్కటే తెలుసు. వాళ్ల పెళ్లి వీడియో నిండా పాటలే. నా దగ్గరా లేదు. పాట విడుదల కాగానే కెమెరా కార్డులు తుడిచి తర్వాతి పాటకు వాడేవాళ్లం. ఇన్నేళ్లు ఆయన గొంతు విన్నదాన్ని, ఆమె చేతిలో పెట్టడానికి ఒక్క మాట లేదు. ఆమె ముఖం చూడలేక కంప్యూటర్ వైపు తిరిగాను. సినిమా తెరిచే ఉంది. సినిమాలో పాడైన టేకులు తుడవం, పక్కన పెడతాం.

డోర్నకల్‌ది పెట్టాను. ప్లాట్‌ఫామ్ మీద ఒక అమ్మాయి మనకు వీపు పెట్టి నిలబడి, ఆగి ఉన్న రైలును చూస్తూ ఉంటుంది. నా దగ్గర పనిచేసేది ఒకటే స్పీకరు, అది తలుపు పక్కన ఉంటుంది. రైలు కదిలింది. తలుపు దగ్గర్నుంచి అన్న గొంతు వచ్చింది.

"ఆగు, ఇప్పుడే తిరగకు. బండిని మొత్తం పోనియ్యి బిడ్డా... ఆఁ, ఇగ ఇటు సూడు."

తెర మీద ఆ అమ్మాయి తిరిగింది. కుర్చీలో వదిన కూడా తలుపు వైపు తిరిగింది.

టేకులోనే ఎవరో విసుగ్గా "అన్నా!" అన్నారు.

"అయ్యో, మల్ల మాట్లాడిన్నా?" అన్నాడు అన్న.

"మాట్లాడినవ్" అంది వదిన, తలుపు వైపే చూస్తూ. "జర ఇంకింత మాట్లాడు."

ఆ టేకులో ఆయన మాట అంతే. రైలు చప్పుడు మాత్రం దూరమవుతూ ఇంకా కొంచెం మిగిలింది. అదీ అయిపోయేదాకా ఇద్దరం అట్లాగే కూచున్నాం.