సముద్రం చూడని స్పాంజి సారు

మా బెల్లంపల్లి గోపాల్‌రావు సారుకు ఒకటే పిచ్చి. ఏ మాట మొదలుపెట్టినా తిప్పి తిప్పి సముద్రపు స్పాంజి దగ్గరికే తెచ్చేవారు. ఆయన సముద్రాన్ని జన్మలో చూడలేదు.

తొంభైల మొదట్లో సంగతి. ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు, నేను పక్క గదిలో తెలుగు చెప్పేవాణ్ణి. గోడ దాటి నా పద్యంలోకీ స్పాంజి వచ్చేది. పెళ్లికి పోతే వడ్డించేవాణ్ణి పట్టుకునేవారు.

"స్పాంజి మొక్క కాదు, జంతువు! దాంట్లకెల్లి తీసిన పదార్థం కొత్త రక్తనాళాల కణాలను పెరగనిస్తలేదట. అంటే కాన్సర్ గడ్డకు రక్తం పోయే తొవ్వ బందు!"

"సార్, పప్పు సల్లారుతుంది."

"సల్లారనీ! ఇంకా మందు కాలే, గాజుగిన్నెలల్లనే పరీక్ష జేస్తుండ్రు. ఎప్పటికన్న అయితది!"

ఊరికి ఇందులో సగమే ఎక్కింది. హైదరాబాద్ పోయిన ప్రతివాడూ సారుకు ప్రేమగా ఒళ్లు రుద్దుకునే స్పాంజి ఒకటి కొనుక్కొచ్చేవాడు. పాపం, ఆయన అన్నీ దాచుకునేవారు.

ఆ ఏడే మా అక్క కమలవ్వకు రొమ్ములో గడ్డ తేలింది. ఇక్కడి డాక్టరు వెంటనే హైదరాబాద్ పొమ్మన్నాడు. అక్క మంచం దిగలేదు.

"కోతకు నేను రాను. సస్తె ఇంట్లనే సస్త."

బతిమాలాం, తిట్టాం, ఏడ్చాం. అప్పుడు సారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"చెల్లె, నాకొక సాయం జెయ్యాలె. హైదరాబాద్‌ల పెద్ద డాక్టరును స్పాంజి సంగతి అడిగేదుంది. ఉత్తగ పోతె లోపలికి రానిస్తలేరు. పేషంటు వెంట పోతె రానిస్తరు. నీ గడ్డ జర నాకు అక్కరకొస్తది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈయన పిచ్చికి హద్దంటూ లేదా? అక్క మాత్రం లేచి కూర్చుంది.

"అయ్యో, గంత సదువుకున్న సారును రానిస్తలేరా? నడువుండ్రి సార్, పోదాం."

హైదరాబాద్‌లో డాక్టరు అక్కను చూసి, ఆపరేషన్‌కు రోజు చెప్పి, "ఇంకేమైనా అడగాలా?" అని సారు వైపు చూశాడు. సారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నోరు విప్పితే ఒట్టు!

"స్పాంజి సంగతి అడగలేదేం సార్?" అన్నాను బయటికొచ్చాక.

"ముందు ఆమె బతకాలె. స్పాంజి ఏడికి పోతది? సముద్రంల ఒక్కతాన్నే అతుక్కోని ఉంటది."

అప్పటికి గాని నా బుర్ర వెలగలేదు.

ఆపరేషనయ్యాక అక్క కళ్లు తెరిచి మొదట అడిగిన మాట: "సార్, మీ పనైందా?"

"కాలే చెల్లె. గా మందింకా రాలేదట. దసరా ఎల్లినంక మళ్ల రమ్మన్నడు, ఇద్దర్నీ."

అక్క బతికింది. డాక్టరు రమ్మన్న పరీక్ష ఒక్కటీ ఎగ్గొట్టలేదు. ప్రతిసారీ దారిలో తినడానికి సర్వపిండి రొట్టెలు మూట కట్టుకుని నన్నే తొందరపెట్టేది.

"జల్ది నడువురా! నేను లేకపోతె గా సారును లోపలికి ఎవలు రానిస్తరు?"