హథ్‌ఖోజ్‌లో ఏడుగురు అప్పలసూరులు

కుముదినికి డేటాబేస్ అంటే భయం లేదు, ఇంటర్వ్యూ అంటేనే భయం. ఉత్తరాంధ్ర నుంచి స్టీలుప్లాంటు పనికి వలసపోయిన ఇంట, భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల, హిందీ గలగలా మాట్లాడుతుంది. టై కట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుంటే మాత్రం వచ్చిన భాషలన్నీ ఒక్కసారే మరిచిపోతుంది. అలా మూడు ఇంటర్వ్యూలు గంగలో కలిశాయి. తొంభై ఏడులో అక్కడి పారిశ్రామికవాడ హథ్‌ఖోజ్‌లోని ఇనుము పోతపోసే ఒక ఫౌండ్రీ నుంచి నాలుగో పిలుపు వచ్చింది. ఇదీ పోతే కంప్యూటరు కట్టిపెట్టి కుట్టుమిషను నేర్చుకోమని తల్లి జోగమ్మ తేల్చి చెప్పేసింది. కుట్టుమిషనంటే కుముదినికి ఒళ్లుమంట.

మేనేజరు సూర్యప్రకాష్ రాగానే, డేటాబేసుల్లో ఫాక్స్‌ప్రోకీ ఒరాకిల్‌కీ తేడా ఏమిటన్నాడు. బట్టీపట్టిన జవాబు కాస్తా ఎగిరిపోయింది. ఇక చేసేది లేక నోటికొచ్చింది చెప్పేసింది. ఫాక్స్‌ప్రో మన వంటింటి పోపులడబ్బా, ఎవరైనా మూత తీసి చెయ్యి పెట్టొచ్చు. ఒరాకిల్ రేషన్ దుకాణం, చీటీ రాసిస్తే లోపలున్నవాడే తెచ్చిస్తాడు, మనం కౌంటరు దాటడానికి లేదు. ఆయన నవ్వలేదు గానీ తిట్టనూ లేదు. పిల్లకి ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. కార్మికుల జాబితా, రెండువందల పన్నెండు వరసలు. కొందరు రెండేసిసార్లు ఎక్కారట. వాటిని తీసేసి అసలు ఎంతమందో తేల్చాలి, ఆ లెక్కనే గేటు పాసులు అచ్చేయిస్తారు. ఇంతేనా అనుకుని కుముదిని పేర్ల మీద ఒక్క క్వెరీ కొట్టింది. ఒకే పేరున్న వరసలన్నీ కలిసిపోయి నూటడెబ్బై ఒకటి తేలింది. ఆయన రాసుకుని, కబురు పంపుతామన్నాడు.

బయటికొచ్చేసరికి భోజనాల వేళ. షెడ్డు దగ్గర ఎవరో "అప్పలసూరీ" అని కేకేశారు. ఏడుగురు తల తిప్పారు.

కుముదిని అక్కడే నిలబడిపోయింది. కన్నతండ్రి పేరే అప్పలసూరి. వీధిలో ఇంకో ముగ్గురున్నారని, ప్లాంటులో బొగ్గు కాల్చే కొలిమి దగ్గర పనిచేసే ఆయన్ని కోక్ ఒవెన్ అప్పలసూరి అంటారు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు లేని జనం మధ్య పెరిగి, పేరు ఒకటైతే మనిషీ ఒకడేననుకుంది చూడండి, ఈ చదువుకున్న పిల్ల! వెళ్లి తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం గోవిందా. ఊరుకుంటే వీళ్లలో ఆరుగురు, ఇలాంటివాళ్లు ఇంకెందరో గేటు బయటే ఉండిపోతారు. వెనక్కి తిరిగి మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"సార్, నేను చెప్పింది తప్పు. ఏడుగుర్ని ఒక్కణ్ని చేసేశాను. ఇంకో పదినిమిషాలివ్వండి."

ఈసారి పేరు జోలికి పోలేదు. ఒక్కొక్కరికీ వేరేగా ఉండే కార్డు నంబరు పట్టి అడిగింది. రెండువందల తొమ్మిది. నిజంగా రెండోసారి ఎక్కింది ముగ్గురే. అంతకుముందు ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లందరూ నూటడెబ్బై ఒకటే చెప్పి వెళ్లారని, వెనక్కి తిరిగొచ్చింది ఆమె ఒక్కతేనని చెప్పి, సూర్యప్రకాష్ సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.

ఇంటికెళ్లి ఏడుగురి సంగతి చెబితే తండ్రి పడీపడీ నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు. ప్లాంటులో చేరకముందు ఒక కాంట్రాక్టరు దగ్గర చేసేవాడట. ఇంకో అప్పలసూరి ఎవడో తాగి తగువాడితే, కాగితం మీద పేరు చూసి ఈయన్ని పనిలోంచి తీసేశారట. ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేకపోయాడు. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

"ఆ రోజు ఆ ఆపీసులో నీలాటోలు ఒక్కలున్నా నాకా గతి పట్టకపోను తల్లీ," అన్నాడు.

ఉద్యోగం వచ్చిందన్నప్పుడు రాని ఏడుపు కుముదినికి అప్పుడొచ్చింది.