కిలోను కొలిచేది దేనితో?

నిన్న పొద్దున స్టాఫ్ రూమ్‌లో ఉండగా ఫోన్. నర్సింగన్న కూతురు.

"సార్, బాపు పోయిండు."



ఈ గ్రూప్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం చెబుతున్నాను. నర్సింగన్న ఉస్మాన్‌గంజ్ మార్కెట్లో కాంటాలు, అంటే తూకం త్రాసులు, రిపేర్ చేసేవాడు. నేను గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటున్నవాణ్ణి. ఇద్దరిదీ కిషన్‌బాగ్‌లోని మన గల్లీయే.

కాంటా బాగుచేశాక, తూకం రాయినీ సరుకునూ పళ్ళేలు మార్చి మళ్ళీ తూచేవాడు. "ఒక్క దిక్కు జూసి నమ్మొద్దు సార్" అనేవాడు.

ఒకసారి మా సైన్స్ డేకి పిలిచాను, పిల్లలకు పాత కాంటా చూపించమని. చూపించాడు. చివర్లో నన్నే అడిగాడు.

"కిలో రాయి సరిగున్నదా లేదా అని ఇంకో రాయితోటి జూస్తం. దాన్ని ఇంకోదాంతోటి. మరి ఆఖరుది దేంతోటి జూస్తరు సార్?"

"ఇప్పుడు రాయితో పని లేదు అన్నా, ప్రకృతిలో ఎప్పటికీ మారని ఒక సంఖ్యతో కిలోను నిర్ణయించారు" అని గొప్పగా చెప్పాను.

"మారదని కొలిచిన్రా? నమ్మిన్రా?"

తెలియదని ఒప్పుకుంటే పోయేది. నామోషీ అనిపించింది.

"అది వేదాంతం నర్సింగన్నా. ఇక్కడ సైన్స్ మాట్లాడుతున్నాం. మీరు కాంటాల సంగతి చూసుకోండి" అన్నాను.

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయనా నవ్వి, పళ్ళేలు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది.

పోయినేడాది సెమినార్‌లో నా టాక్ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. కొలతలన్నింటి అడుగునా కొలవలేని నమ్మకం ఒకటి ఉందని, మనం వేదాంతమని తోసేసేది సైన్స్ పునాదిలోనే ఉందని చెప్పాను. చప్పట్లే చప్పట్లు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని ఎవరో అడిగారు.

"ఓ రోజు క్లాసులో తట్టింది" అన్నాను. సిగ్గు లేకుండా.

పైగా ఆ వీడియో మన గల్లీ గ్రూప్‌లో పెట్టాను. నర్సింగన్న నాకు విడిగా వాయిస్ మెసేజ్ పంపాడు.

"మస్తు చెప్పిన్రు సార్. నేనడిగింది గదే గని, నాకు గంత మంచిగ అడగరాలె."

వెటకారం కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు.

నేను థంబ్స్ అప్ పెట్టి ఊరుకున్నాను. ఆయనిల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. వెళ్లి "తప్పయింది అన్నా" అనడానికి ఏడాదిపాటు కాళ్లు రాలేదు.

ఆ వీడియో కింద నన్ను పొగిడినవాళ్లందరూ ఇక్కడే ఉన్నారు. ఆ ప్రశ్న నాది కాదండీ. నర్సింగన్నది.

వెళ్లిరా అన్నా. నీ ఆత్మ హాయిగా ఉండాలి. ఈ నాలుగు ముక్కలు నువ్వు వినగలిగినప్పుడే అనాల్సింది.