మగ్గం దిగిన మూడు దినాలు

కోడుమూరులో మా ఇంటి వెనక వసారా అంటే నాకు ప్రాణం. బేతంచెర్ల బండలు పరిచిన నేల, ఎండాకాలంలోనూ వీపుకి చల్లగా తగులుతుంది. నడింట్లో రెండు మగ్గాలు, ఒకటి అత్తది, ఒకటి నాది. నేలలో గుంత తీసి, అందులో కాళ్ళు పెట్టి నేసేవి. నెలసరి వస్తే మాత్రం మూడు రోజులు మగ్గం దిగాలి, నూలు తాకకూడదు, ఆ వసారాలోనే ఉండాలి. కాస్త చదువుకున్నదాన్ని కదా, పెళ్ళైన కొత్తలో మూతి ముడుచుకున్నాను. రెండో నెలకే తత్త్వం బోధపడింది. నెలంతా గుంతలో కూర్చున్న నడుముకి అంతకంటే సుఖం ఎక్కడుంది? పాత వారపత్రికలు ముందేసుకొని రాణిలా పడుకునేదాన్ని. అత్త దూరంగా పళ్ళెం పెట్టి, తినమని చెప్పి వెళ్ళిపోయేది. అన్నంలో నెయ్యి మాత్రం మామూలుకన్నా ఎక్కువే ఉండేది. ఆమె పోయి రెండేళ్ళైంది. ఆ మూడు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

నా ఇరవై తొమ్మిదో ఏట వసారాకు వెళ్ళడం తప్పింది. కోడలు మగ్గం దిగిందీ లేనిదీ ఇంట్లో అందరికీ కనిపించేదే కాబట్టి అత్త నన్నేమీ అడగలేదు. రెండు నెలలు చూసి, ఆరేళ్ళకు కడుపు పండిందని వీధంతా చెప్పేసింది. గుంతలో కూర్చోవద్దంది. పక్కింటివాళ్ళు చింతకాయలు తెచ్చిచ్చారు. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు, చెమటలు. అవీ కడుపు లక్షణాలే అన్నారు. నేనూ నమ్మాను. ఆ చింతకాయలు ఎంత ఇష్టంగా తిన్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కర్నూలులో డాక్టరమ్మ స్కాన్ చూసి కడుపు లేదంది. రక్తపరీక్షలు చేయించి, నెల తర్వాత మళ్ళీ చేయించి, అప్పుడు విషయం చెప్పింది. నా అండాశయాలు అప్పుడే పని మానేస్తున్నాయట. జబ్బుల మీద పోరాడాల్సిన శక్తి ఒక్కోసారి పొరబడి సొంత ఒంటి మీదే పడుతుందట. నా థైరాయిడ్‌ను అదే దెబ్బతీసిందని పరీక్షలో తేలింది కాబట్టి, అండాశయాలనూ అదే పాడుచేసి ఉంటుందంది. పిల్లలు పుట్టరా అని అడిగాను. ఎక్కడో ఒకరిద్దరికి పుడతారు, దాని మీదే ఆశ పెట్టుకోవద్దంది. ఎముకలు గుల్లబారకుండా హార్మోను మాత్రలు రాసింది, వాటితో నెలసరి కూడా వస్తుందంది. బస్సులో మా ఆయన నా చేయి వదల్లేదు. నాకు మాత్రం అత్త ముఖమే కళ్ళ ముందు. వీధంతా చెప్పుకున్న మనిషి. ఇక ఆ ఇంట్లో నేనెవరిని?

మా ఆయనే ఆమెకు చెప్పాడు. అత్త ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి, తనే పొరబడ్డానని చెప్పి వచ్చింది. నాతో మాత్రం మాట్లాడలేదు. కోపమే అనుకున్నాను.

మాత్రలు మొదలుపెట్టిన నెలకు నెలసరి వచ్చింది. మాత్రలు తెచ్చిన నెలసరి, బిడ్డనివ్వని నెలసరి. ఏ ముఖం పెట్టుకొని వసారాకి వెళ్ళను? దొంగ నెలసరికి నిజమైన మూడు రోజులెందుకనుకొని, గుట్టుచప్పుడు కాకుండా మగ్గం ఎక్కాను. రెండో రోజు నడుము పట్టుకొని లేస్తుంటే అత్త కంట పడ్డాను. ఎప్పటినుంచని అడిగింది. నిన్నటినుంచని చెప్పి, ఇది మాత్రలతో వచ్చింది, అసలుది కాదత్తా అన్నాను. మగ్గం మైలపడిందని ఇల్లెగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను.

"మాత్రలతో వచ్చినా నొప్పి నీదే గదా అమ్మీ. దిగు" అంది.

దిగి, వసారాలో చాప పరుచుకున్నాను. కాసేపటికి అత్త పళ్ళెం తెచ్చింది. ఈసారి దూరంగా పెట్టి వెళ్ళలేదు. ఆ రోజుల్లో నా నీడ కూడా తొక్కని మనిషి, నా చాప మీదే కూర్చొని, నా జడ విప్పి దువ్వెన పెట్టింది.

"ఊరంతా చెప్పింది నేను. నువ్వేం తప్పు చేసినావని తల దించుకుంటాండావు?" అంది.

ఇన్నాళ్ళు ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. అత్త జడ వేస్తూనే ఉంది.

నన్ను ముట్టుకుంది కాబట్టి ఇక ఆమె కూడా మగ్గం తాకకూడదు. తలకు నీళ్ళు పోసుకుంటే మైల పోయి మగ్గం ఎక్కొచ్చు. పోసుకోలేదు. నా మూడు దినాలు అయ్యేదాకా మా ఇంట్లో రెండు మగ్గాలూ ఆగిపోయాయి.