ఒక్కముక్కమ్మ చదవని మూడో పేజీ

ఆఫీసులో ఆమెను అందరూ ఒక్కముక్కమ్మ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆ పేరుకు ఆమె పలికేది కూడా. నగర కార్యాలయం ఫిర్యాదుల విభాగంలో ఇరవయ్యారేళ్ళుగా ఆమె పని ఒకటే. జనం రాసుకొచ్చిన అర్జీ చదివి, అదేమిటో రిజిస్టరులో 'విషయం' అనే గడిలో ఒక్క ముక్కలో రాయడం. గడి బొటనవేలంత ఉంటుంది, నాలుగు మాటలకు మించి పట్టదు. పక్కింటివాడి మేడమెట్ల మీద పదకొండు పేజీలు, తాతలనాటి తగాదాలతో సహా రాసుకొచ్చిన మనిషిని ఆమె 'మెట్ల ఆక్రమణ' అని తేల్చేసేది. పై అధికారులు అర్జీలు చదవరు, గడి చదువుతారు. గడిలో ఏముంటే కాగితం ఆ శాఖకు పోతుంది. ఈ సంగతి జనానికి తెలియదు. తెలిస్తే అర్జీలు మానేసి గడే రాసుకొచ్చేవాళ్ళు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య పోయాక వదినా తనూ రెండు గదుల ఇంట్లో ఒకరికొకరుగా మిగిలారు. వదినకు భక్తి ఎక్కువ, ఈమెకు బొత్తిగా లేదు. పొద్దున్నే వదిన కళ్ళు మూసుకుని కూర్చునే వేళకే ఈమె రేడియోలో వార్తలు పెట్టేది. దేవుడికి వార్తలు వినపడితే మంచిదే గదా, ఇక్కడేం జరుగుతోందో ఆయనకూ తెలుస్తుందని వాదించేది. వదిన కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి రేడియో గొంతు తగ్గించేది. ముప్పయ్యేళ్ళుగా వాళ్ళ మధ్య జరిగిన మతకలహం అంతే.

ఆ ఏడు ఊళ్ళో ఒక గోల మొదలైంది. ఆఫీసుల్లో, బళ్ళలో, రోడ్ల మీద మతమంటేనే గిట్టడం లేదనీ, భక్తులను శత్రువుల్లా చూస్తున్నారనీ. అంటున్నదెవరో చూడాలి. ప్రతి కూడలిలోనూ తమ జెండా పాతుకున్నవాళ్ళు. ఏ సభలోనైనా మొదటి వరసలో కుర్చీ దొరికేవాళ్ళు. అణచివేస్తున్నారని మైకులో చెప్పగలిగిన మనిషి ఎంత అణిగి ఉన్నాడో మైకే చెబుతుంది. వదిన కూడా ఆ గోలను నమ్మలేదు. దేవుడికి అడ్డుపడగలిగినంత పెద్ద కమిషనరు ఇంకా పుట్టలేదులెమ్మని తీసిపారేసింది.

గోల ఆగక నగరసభ ఒక కమిటీ వేసింది. రిటైరైన జడ్జిగారొకరు పెద్ద, మరో ఇద్దరు సభ్యులు. అన్యాయం జరిగిందనుకున్నవాళ్ళు నెలరోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చన్నారు. వచ్చిన అర్జీలన్నీ ఒక్కముక్కమ్మ బల్ల మీదికే వచ్చాయి. గడిలో 'మతం' అన్న మాట ఉన్నవాటినే కమిటీ పిలిచి వింటుంది. మిగతావి తగు చర్య కోసం ఆయా శాఖలకు పోతాయి. ఏది మతం, ఏది కాదు అని తేల్చే మొదటి జడ్జి ఆమేనన్నమాట.

మొత్తం రెండువందల పన్నెండు. చదువుతుంటే ఆమెకు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ప్రార్థన మందిరం ముందు రోడ్డుకు అడ్డంగా కారు పెట్టినందుకు జరిమానా వేశారు, అది మతద్వేషమట. ఒకాయన కాలిబాట మీదికి రెండు గజాలు కొట్టు జరిపి, ముందు దేవుడి పటం తగిలించాడు. కొట్టు వెనక్కి జరపమంటే దేవుణ్ణి వెనక్కి జరపమన్నట్టేనని రాశాడు. ఆస్పత్రి పక్కన లౌడ్‌స్పీకర్ల గొంతు తగ్గించమన్నందుకు నూటపాతిక సంతకాలు. పదిహేడు అర్జీలు డ్యూటీ వేళల గురించి. అవన్నీ ఒకే అచ్చు కాగితం మీద వచ్చాయి, కింద పేర్లే వేరు. ఆరా తీస్తే ఆ పదిహేడుమందిలో పధ్నాలుగుమందికి డ్యూటీ మారనే లేదని తేలింది. ఇంటికొచ్చి వదినకు చెబితే, వదిన సిగ్గుపడింది. తనవాళ్ళ తరఫున.

గడువు ఇంకో రెండు రోజులుందనగా మధ్యాహ్నం ఒకామె వచ్చింది. బస్సు డిపోలో స్వీపరు. నలభై ఉంటాయి. డిపో వాళ్ళిచ్చిన ఊదారంగు కోటు విప్పకుండానే వచ్చింది, మోచేతుల దాకా తడి. చేతిరాతతో నాలుగు పేజీలు. అక్కడున్న ట్రేలో పెట్టమంటే పెట్టలేదు. వచ్చే బుధవారం కూడా డ్యూటీకి రాకపోతే ఉద్యోగం తీసేస్తామని నోటీసిచ్చారనీ, ఈలోపే కమిటీ వాళ్ళు తన మాట వినాలనీ నిలబడే చెప్పింది.

"మొత్తం చదువుతారా అమ్మా?" అని అడిగింది.

"చదవడానికేగా ఇక్కడ కూర్చున్నది," అంది ఒక్కముక్కమ్మ.

అది ఆ రోజు ఇరవై రెండో అర్జీ. మొదటి పేజీ నిండా డిపోలో నీళ్ళ పంపుల సంగతి. రెండో పేజీలో ఎవరికి ఏ డ్యూటీ, ఎవరు ఎవరితో మార్చుకున్నారు, ఏ వరసలో ఎన్ని బస్సులు. ఒద్దికైన మనిషి, అసలు మాటకు వచ్చేముందు అన్నీ సర్ది చెబుతోంది. ఒక్కముక్కమ్మ రెండో పేజీ చివరికొచ్చేసరికి ఇది పద్దెనిమిదోది అనుకుంది. గడిలో 'డ్యూటీ వేళల మార్పు' అని రాసింది. నకలు తీయించి ఫైల్లో పెట్టింది, అసలు కాగితం తగు చర్య కోసం డిపోకు పంపింది.

అంటే, ఎవరి మీద రాశారో వాళ్ళ బల్ల మీదికే.

మూడు నెలలకు నివేదిక వచ్చింది. ప్రజాజీవితంలో మతం పట్ల ద్వేషం ఉందనడానికి ఆధారాలేవీ దొరకలేదని జడ్జిగారు తేల్చారు. పత్రికలు మొదటి పేజీలో వేశాయి. గోల చేసినవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయని, ఆ గోలను మొదటినుంచీ నమ్మని మాలాంటివాళ్ళం సభలు పెట్టి మరీ సంబరపడ్డాం. సంబరపడకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనడం తేలిక. ఒక్కముక్కమ్మ కూడా ఆ సాయంత్రం పత్రిక మడిచి ఇంటికి తీసుకెళ్ళింది, ఆ నివేదికలో సగం గడుల్లో తను రాసిన ముక్కలే గదా అని.

ఫైళ్ళన్నీ కట్టలు కట్టి స్టోరుకు పంపే రోజున, డిపో స్వీపరు అర్జీ నకలు పిన్ను ఊడి కింద పడింది. పేజీలు వరసగా పెడుతూ మూడోది చదివింది.

'మా ప్రార్థన బుధవారం మధ్యాహ్నం. సైకిల్ షాపు మీద గదిలో పన్నెండుమందిమి చేరతాం. ఆ పూటకు బదులుగా తొమ్మిదేళ్ళ నుంచి ఆదివారం రెండు డ్యూటీలు చేస్తున్నాను. ఎవరికీ ఇబ్బంది లేదు. కొత్త సూపర్‌వైజర్ గారు మేమెవరిమో తెలుసుకుని, కావాలని బుధవారం మధ్యాహ్నం నాకు వేశారు. మార్చండి సార్ అంటే, మీ దేవుణ్ణి పిలువు, వచ్చి ఊడుస్తాడు అన్నారు. మీ గుంపు మనిషి ఒక్కరు కూడా ఈ డిపోలో మిగలకుండా చేస్తాను అన్నారు. విన్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను.'

నాలుగో పేజీలో ఐదు పేర్లున్నాయి.

ఆమె డిపోకు ఫోను చేసింది. ఆ స్వీపరును తీసేసి రెండున్నర నెలలైందన్నారు.

ఆ సాయంత్రం వదిన అంతా వింది. ఆ తర్వాత మెల్లిగా అడిగింది. "నీకు దేవుడంటే పడదు. అందుకే రెండు పేజీలకే ఆపేశావా?"

"పడకపోవడం కాదు వదినా. విసుగు."

"ఆ అమ్మాయికి రెండూ ఒకటేగా."

ఆ మాట ఆమెకు తగిలింది. మాకూ తగిలింది. ఆ పధ్నాలుగు అబద్ధాలు రాసినవాళ్ళను తిట్టుకోవచ్చు, తిట్టుకోవాలి కూడా. వాళ్ళ అచ్చు కాగితాల కిందే ఈ చేతిరాత కాగితం నలిగింది. కానీ మూడో పేజీ తిప్పకుండా ఆమె చెయ్యి పట్టుకున్నది వాళ్ళు కాదు.

మర్నాడు సెలవు పెట్టి జడ్జిగారి ఇంటికి వెళ్ళింది. పెద్దమనిషి, కూర్చోబెట్టి అంతా విన్నారు. పొరపాటే, కానీ నివేదిక సభ ముందు పెట్టేశాం, కమిటీ రద్దయింది, ఇప్పుడు ఒక మాట మార్చడానికి కూడా నాకు అధికారం లేదన్నారు. పైగా రెండువందల పన్నెండులో ఒకటి మారితే తేలిన సంగతి మారదు గదమ్మా అని ఓదార్చబోయారు.

"ఆధారాలేవీ లేవని రాశారు సార్. ఐదు పేర్లున్నాయి," అంది ఆమె. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళమని సలహా ఇచ్చారు.

స్వీపరు ఇల్లు వెతికి పట్టుకుని, లేబర్ ఆఫీసులో కేసు వేయించింది ఒక్కముక్కమ్మే. తప్పు నాదని తన చేత్తో రాసి సంతకం పెట్టింది. అందుకు ఆఫీసులో ఆమెకు మెమో ఇచ్చారు, ఫిర్యాదుల విభాగం నుంచి స్టోరుకు మార్చారు. విచారణ రోజున ఐదుగురు సాక్షుల్లో ఒక్కడే వచ్చాడు, అతనూ సరిగా వినపడలేదన్నాడు. డిపో తరఫున వచ్చిన అధికారి మాట్లాడింది తక్కువ. జడ్జిగారి నివేదికను బల్ల మీద తెరిచి, ఒక వరస మీద వేలు పెట్టాడంతే. 'డ్యూటీ వేళల మార్పు: పరిపాలనాపరమైనది. మతంతో సంబంధం లేదు.'

ఒక్కముక్కమ్మ లేచి, 'డ్యూటీ వేళల మార్పు' అని గడిలో రాసింది నేనే, అది తప్పు అని చెప్పింది. లేబర్ ఆఫీసరు చిరాకు పడలేదు. ముగ్గురు పెద్దలు సంతకం చేసిన నివేదిక ఒకవైపు, మెమో తీసుకున్న గుమాస్తా మాట ఒకవైపు ఉంటే నేను దేన్ని నమ్మాలో మీరే చెప్పండి అన్నాడు. కేసు కొట్టేశాడు. బయట మెట్ల మీద స్వీపరు ఆమెను ఏమీ అనలేదు. అంటే బాగుండునని ఒక్కముక్కమ్మ తర్వాత వదినతో అంది.

ఆరు నెలల తర్వాత ఒక్కముక్కమ్మ స్వీపరును వెతుక్కుంటూ వెళ్ళింది. ఆమె ఒక బేకరీ వెనక గదిలో ట్రేలు కడుగుతోంది. ఇదివరకటికన్నా చిక్కింది, అయినా ముఖం తేటగానే ఉంది. స్టూలు జరిపి కూర్చోమంది. కూతురు పరీక్ష పాసైన సంగతి చెప్పింది, పొయ్యి వేడికి ఇక్కడ చలికాలమే తెలియదని నవ్వింది. యజమాని నెమ్మదస్థుడని, పనివాళ్ళను గౌరవంగా చూస్తాడని మెచ్చుకుంది.

ఒక్కముక్కమ్మ బుధవారం సంగతి అడిగింది. ప్రార్థనకు వెళ్తున్నావా అని.

లేదంది. బుధవారం మధ్యాహ్నమే ఇక్కడ పని ఎక్కువట.

"అడిగితే ఒప్పుకుంటాడేమో."

"ఒప్పుకుంటాడక్కా, మంచోడే."

"మరి అడగలేదేం?"

ఆమె చేతిలో ట్రేని నీళ్ళ కింద తిప్పింది, అటూ ఇటూ, శుభ్రమైపోయాక కూడా.

"ఎందుకూ అని అడుగుతాడు గదా. చెప్పాలి మళ్ళీ."